భీమిలి తీరంలో నిరాడంబరమైన ఇల్లు: ఎక్కువ ఖర్చు దేనిమీద పెట్టాలి?

తీరవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భీమునిపట్నం నుంచి భోగాపురం వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి సుమారు 600 మీటర్ల దూరంలో మాకు ఎనిమిది సెంట్ల స్థలం ఉంది. ఉద్యోగ విరమణ తర్వాత నేనూ మా ఆవిడా ఉండడానికి అక్కడ ఒక అంతస్తు ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాము. రెండు పడక గదులు, ఒక హాలు, వంటిల్లు, తూర్పున వసారా ఉంటే మాకు చాలు. ఫాల్స్ సీలింగులు, గోడలకు అతికించే పలకలు, ఎలివేషన్ పేరుతో చేసే అలంకారాలు వద్దని ముందే చెప్పాము. ఆర్కిటెక్టు పంపిన మొదటి నమూనా చూడముచ్చటగా ఉంది: ప్లాస్టరింగ్ లేని కాంక్రీటు గోడలు, సన్‌షేడ్లు లేని చదునైన ముఖభాగం, తూర్పున నేల నుంచి కప్పు దాకా అద్దం, మిద్దె మీదికి సన్నని ఇనుప మెట్లు.

అయితే మా స్థలానికి దగ్గరలో ఉన్న ఒక ఇంటిని చూశాక సందేహాలు మొదలయ్యాయి. అది కట్టి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. సన్‌షేడ్ల అడుగున పెచ్చులూడి రాడ్లు బయటపడ్డాయి, స్తంభాల మూలల వెంబడి నిలువునా చీలికలు వచ్చి, వాటిలోంచి గోధుమరంగు చారలు కిందికి కారాయి. యజమాని ప్లాస్టరింగ్ మళ్ళీ చేయించినా అది కూడా ఊడిపోయిందట. మా బడ్జెట్టు పరిమితమే. ఉప్పుగాలికీ తుపానులకూ తట్టుకోవాలంటే దేనిమీద ఎక్కువ ఖర్చు పెట్టాలి? ఇటువంటి చోట ఈ నిరాడంబర శైలి అసలు నిలుస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

స్ట్రక్చరల్ ఇంజినీరు

తీరవాసి గారూ, మీరు చూసిన నిలువు చీలికలు రాడ్డు పొడవునా వచ్చినవి. మంచి కాంక్రీటులో ఉండే క్షారగుణం ఇనుము మీద ఒక పలుచని రక్షణ పొరను నిలిపి ఉంచుతుంది. గాలిలోని ఉప్పు తేమతో పాటు కాంక్రీటు లోపలికి ఇంకుతూ, అందులోని క్లోరైడు రాడ్డును చేరిన రోజున ఆ పొర దెబ్బతిని తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైన కొత్త ప్లాస్టరింగ్ చేసినంత మాత్రాన లోపలి క్లోరైడు ఎక్కడికీ పోదు. అందుకే ఆ యజమాని పెట్టిన ఖర్చు నిలవలేదు.

కాబట్టి మీ డబ్బు మొదట వెళ్ళవలసింది కాంక్రీటులోకి. కాంక్రీటు కట్టడాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటును ‘తీవ్ర’ పరిస్థితి కింద చేర్చి, కనీసం ఎం30 గ్రేడు (ఈ అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత బలమైనది), ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీరు, రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డును కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఉండాలని చెబుతోంది. సముద్రపు తుంపరలు నేరుగా పడే చోటయితే అది ఎం35కూ 50 మిల్లీమీటర్లకూ పెరుగుతుంది. చిన్న ఇళ్ళకు ఊళ్ళో మేస్త్రీలు మామూలుగా పోసేది ఎం20, ఇచ్చే కవరు 20 లేదా 25 మిల్లీమీటర్లు. మీ పొరుగింట్లో జరిగినదానికి ఈ తేడాయే కారణమని నా అభిప్రాయం.

కవరు పెంచమని చెప్పి ఊరుకుంటే మరో ప్రమాదం ఉంది. అయిదంగుళాల స్లాబులోనే 45 మిల్లీమీటర్ల కవరు ఇస్తే రాడ్డు పైకి జరిగి స్లాబు బలం తగ్గిపోతుంది. కనుక ఆరంగుళాల మందంతో కొత్తగా లెక్క వేయించండి. రాళ్ళముక్కలు, టైల్సు ముక్కలు రాడ్ల కింద పెట్టనివ్వకండి. స్లాబుకు పోసే కాంక్రీటుతోనే ముందుగా కవర్ బ్లాకులు (రాడ్లను పలక నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) పోయించి, బాగా తడిపి సిద్ధంగా ఉంచుకోండి. సిమెంటు విషయంలో స్లాగ్ సిమెంటు (ఇనుము కరిగించే కొలిమి నుంచి వచ్చే చిట్టెం పొడి కలిపినది) మీకు అనుకూలం, అది క్లోరైడు చొరబాటును బాగా నెమ్మదింపజేస్తుంది. సల్ఫేటును తట్టుకునే సిమెంటును ‘సముద్రం దగ్గర వాడేది’ అని కొందరు దుకాణదారులు అంటగడతారు, కానీ క్లోరైడును పట్టి ఉంచే గుణం దానికి తక్కువ. స్లాగ్ సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి కనీసం 10 రోజులు, కుదిరితే 14 రోజులు క్యూరింగ్ (నీళ్ళతో తడుపుతూ ఉండడం) ఆపకండి.

నీటి సంగతి అందరూ మరచిపోతారు. తీరంలో బోరు నీళ్ళు తరచుగా ఉప్పగా ఉంటాయి. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ క్లోరైడు ఉండకూడదు. ముందుగా పరీక్ష చేయించండి, ఎక్కువ వస్తే కలపడానికీ క్యూరింగ్‌కూ రెంటికీ ట్యాంకరు మంచినీళ్ళే తెప్పించండి. ఒడ్డు ఇసుకను ఏ పనికీ రానివ్వవద్దు. ఏటి ఇసుక దొరకకపోతే రోబో శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) వాడవచ్చు.

ఆర్కిటెక్టు, విశాఖపట్నం

ఇంజినీరు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, శైలి గురించి అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. తీరానికి నిరాడంబరమైన ఇల్లే తగినది. మూలలు, అతుకులు, బయటికి పొడుచుకు వచ్చే భాగాలు ఎంత తగ్గితే ఉప్పు నిలిచే చోట్లూ గాలికి దొరికే చోట్లూ అంత తగ్గుతాయి. మీకు పంపిన నమూనాలో తీసేసినవాటిలో ఉండవలసినవి ఉన్నాయి, ఉంచినవాటిలో తీసేయవలసినవి ఉన్నాయి. అదే చిక్కు.

ఉత్తరాంధ్ర తీరంలో తాటాకు కప్పిన చుట్టిళ్ళను మీరు చూసే ఉంటారు. గోడ గుండ్రంగా ఉండడం వల్ల గాలి ఢీకొనకుండా పక్కలకు జారిపోతుంది. కప్పు అన్ని వైపులా వాలి, చూరు మనిషి వంగి లోపలికి వెళ్ళవలసినంత కిందికి దిగుతుంది కాబట్టి గోడ వానకు తడవదు, దానికి ఎండా తగలదు. ద్వారం ఒక్కటే, అదీ చిన్నది. మీరు గుండ్రటి ఇల్లు కట్టనవసరం లేదు గానీ అందులోని మూడు విషయాలు తీసుకోవచ్చు: పొడవాటి ప్లాను బదులు చతురస్రానికి దగ్గరగా ఉండే ప్లాను, గోడకు నీడ, గాలి ఎదుట తక్కువ తెరపి. వసారాకు పెంకుల కప్పు వేస్తే నాలుగు పక్కలా వాలేటట్టు, 22 నుంచి 30 డిగ్రీల వాలుతో వేయించి, వాసాలను గోడ పైనున్న కాంక్రీటు బెల్టుకు లోహపు పట్టీలతో బిగించండి. వసారా కప్పును ఇంటి స్లాబుకు కలపకుండా విడిగా నిలబెట్టడం మంచిది. గాలి దాన్ని లేపినా ఇల్లు చెక్కుచెదరదు.

సన్‌షేడ్లు తీసేయడాన్ని నేను ఒప్పుకోను. మనకు నైరుతి వానలూ ఈశాన్య వానలూ రెండూ ఉన్నాయి, తుపాను వేళ వాన అడ్డంగా కొడుతుంది. నీడ లేని గోడ పదేపదే తడిసి ఆరుతూ ఉంటే ఉప్పు లోపలికి చేరడం వేగవంతమవుతుంది. గోడ నుంచి రెండడుగుల లోపు ముందుకు వచ్చేటట్టు మందపాటి సన్‌షేడ్ వేయించి, దాని అడుగున అంచుకు కొంచెం లోపలగా ఒక గాడి ఉంచండి. నీటి చుక్క ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది, గోడ దాకా పాకదు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, అయినా సగం ఇళ్ళలో అది కనిపించదు.

ఇక తూర్పు అద్దం. గాలి భారాలను లెక్కించే ఐ.ఎస్. 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను నిర్ణయించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అటువంటి వేగంతోనే నగరం మీద తీరం దాటింది. తుపాను కన్ను దాటిన తర్వాత గాలి ఎదురు దిశ నుంచి వీస్తుంది కనుక పడమటి వైపు సురక్షితమని అనుకోవడానికి వీల్లేదు. ఒక పెద్ద అద్దం పగిలితే గాలి లోపల చేరి కప్పును కింద నుంచి పైకి నెడుతుంది, అదే సమయంలో పైన చూషణ దాన్ని లాగుతుంది. తూర్పున అద్దాన్ని మూడు నాలుగు కిటికీలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి బయట చెక్క తలుపులు పెట్టండి. సముద్రం అలాగే కనిపిస్తుంది.

ఒక్క మాట పక్కన పెట్టకండి: స్థలం అంచు నుంచి కాదు, పోటు రేఖ (పోటు వేళ సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి మీ దూరం ఎంతో తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పటంలో చూపించుకుని, ప్లానుకు అనుమతి తీసుకున్నాకే పునాది తవ్వండి.

ఒడ్డున ఉంటున్నవాడిని

నేను ఇంజినీరును కాను, బాపట్ల వైపు సముద్రానికి దగ్గరగా చాలా కాలంగా కాపురం ఉంటున్నాను. రోజూ చేతికి తగిలేవి పాడయ్యే తీరు చెబుతాను. మొదట పోయేది తలుపుల బందులూ గడియలే. తెల్లని గోడకు బిగించిన ఇనుప గడియను చూడండి: ముందు మర (స్క్రూ) తల చుట్టూ నారింజరంగు వలయం వస్తుంది, ఒక వానాకాలం దాటేసరికి అక్కడి నుంచి వేలెడు వెడల్పున చార గోడమీద దిగుతుంది, తరువాత గడియ కదలదు. ‘స్టెయిన్‌లెస్’ అని అమ్మేది మామూలుగా 304 రకం, దానికీ మా దగ్గర గోధుమ మచ్చలు వస్తాయి. బయటి బందులు, మరలు, గొళ్ళేలు 316 రకంలో గానీ ఇత్తడిలో గానీ తీసుకోండి. ధర ఎక్కువే అయినా ఇల్లు మొత్తానికి కావలసింది కొంచెమే.

కిటికీలకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములు బాగానే నిలుస్తున్నాయి, కానీ లోపల బలానికి పెట్టే ఇనుప పట్టీ గాల్వనైజ్ చేసినదో (జింకు పూత వేసినదో) కాదో అడగండి. అల్యూమినియం ఫ్రేముకు మామూలు ఇనుప మరలు కొడితే, ఉప్పు తేమలో ఆ రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. ఇనుప మెట్లు మాత్రం వద్దండీ, కాంక్రీటు మెట్లే వేసుకోండి. ఏసీ బయటి యూనిట్‌ను సముద్రం ఎదురుగా కాక ఇంటి మరుగున పెట్టండి, నెలకోసారి మంచినీళ్ళతో కడగండి. కిటికీ చట్రాలనూ అలాగే కడిగితే ఉప్పు పేరుకోదు. స్థలం తూర్పు హద్దున ఖాళీ ఉంటే రెండు మూడు వరుసల సరుగుడు పెట్టండి. గాలితో వచ్చే ఉప్పునూ ఇసుకనూ చాలావరకు అవే పట్టుకుంటాయి. తుపానుకు విరిగి పడినా ఇంటికి తగలనంత దూరం మాత్రం చూసుకోండి.

తీరవాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇనుప మెట్లు, పెద్ద అద్దం రెండూ తీసేయమని మాకు నమూనా పంపిన ఆర్కిటెక్టు గారికి రాశాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఎపాక్సీ పూత వేసిన రాడ్లు వాడమని ఒక కాంట్రాక్టరు గట్టిగా చెబుతున్నారు, అవి వాడితే మామూలు కవరు చాలునంటున్నారు. అది నిజమేనా? ప్లాస్టరింగ్ లేని కాంక్రీటు గోడలను పూర్తిగా వదులుకోవాలా?

స్ట్రక్చరల్ ఇంజినీరు

కవరు తగ్గించడానికి ఎపాక్సీ పూతను సాకుగా ఒప్పుకోకండి. ఆ పూత కర్మాగారంలో ఎంత బాగా వేసినా, చిన్న సైటులో రాడ్లను లారీ నుంచి పడేయడం, ఈడ్చడం, వంచడం, కోయడం జరుగుతాయి. పూత లేచిన ప్రతి చోటా తుప్పు ఒకే బిందువు మీద కేంద్రీకృతమై లోతుగా తింటుంది. కోసిన చివరలకూ గీతలకూ మళ్ళీ పూత వేసే ఓపిక, కట్టడానికి పూత ఉన్న తీగ, పక్కన నిలబడి చూసే మనిషి ఉంటేనే దానికి అర్థం ఉంటుంది. ఒక అంతస్తు ఇంటికి ఆ డబ్బును కాంక్రీటు గ్రేడు ఎం35కు పెంచడానికీ, పోసే రోజుల్లో ఒక సైటు ఇంజినీరును పెట్టుకోవడానికీ వాడితే మీకు ఎక్కువ మేలు జరుగుతుంది.

బయటి కాంక్రీటు గోడల విషయంలో నా సలహా ఇది. సముద్రం వైపు గోడలను బూడిద ఇటుకతో కట్టి, ప్లాస్టరింగ్ చేసి, సున్నం గానీ గాలి ఆడే రంగు గానీ వేయించండి. అవి పాడైతే మళ్ళీ వేసుకోవచ్చు, లోపల ఇనుము ఉండదు. కాంక్రీటు రూపం మీద మీకు మనసుంటే హాలులో స్లాబు అడుగుభాగాన్నీ, లోపలి స్తంభాలనూ ప్లాస్టరింగ్ లేకుండా వదలండి. దానికి సెంట్రింగ్ పలకలు కొత్తవి కావాలి, సందుల్లోంచి సిమెంటు పాలు కారకూడదు, వైబ్రేటరు సరిగా పెట్టాలి. ఆ శ్రద్ధ స్లాబు ఆయుష్షుకు కూడా పనికివస్తుంది.

స్లాబు పోసే రోజు ఉదయం, కాంక్రీటు రాకముందే, ఒక స్కేలు తీసుకుని సెంట్రింగ్ పలకకూ రాడ్డుకూ మధ్య ఖాళీని మీరే పది పదిహేను చోట్ల కొలవండి. ముఖ్యంగా స్తంభాల మూలల్లో, సన్‌షేడ్ల అంచుల్లో. సన్‌షేడ్‌లో ప్రధాన రాడ్లు పైవైపు ఉంటాయి, కూలీలు తొక్కితే కిందికి దిగిపోతాయి కనుక వాటి కింద ఊతాలు నిలిచి ఉన్నాయో లేదో పోస్తున్నంతసేపూ చూడాలి. మిశ్రమం గట్టిగా ఉందని ఎవరైనా బకెట్టుతో నీళ్ళు పోయబోతే అక్కడే ఆపించి, ముందే అనుమతించిన ప్లాస్టిసైజరు (నీరు పెంచకుండా మిశ్రమాన్ని జారుగా చేసే మందు) కలపమనండి.