చిన్న పైపులు కీచుమంటున్నాయి, నాలుగు కలిస్తే శ్రుతి జారుతోంది: 20 నోట్ల ఆర్గాన్

గాలిపెట్టె:
చేత్తో తిప్పే పేపర్ రోల్ ఆర్గాన్. రోల్ వెడల్పు 110 మి.మీ., పైపులన్నీ చెక్కవే, బిరడా బిగించినవి. కాగితంలోని చిల్లు ట్రాకర్ బార్ (ఒక్కో పైపుకి ఒక్కో రంధ్రం ఉన్న పట్టీ) మీదికి రాగానే గాలి నేరుగా పైపుకి పోతుంది, మధ్యలో వాల్వులు లేవు. ఐదారు చిన్న పైపులు అసలు స్వరం వదిలేసి కీచుమంటున్నాయి. నాలుగు కలిసి పలకాల్సిన చోట శ్రుతి దిగిపోతోంది. తిత్తి పెద్దది చేయాలా?

మంద్రం:
తిత్తి జోలికి అప్పుడే పోకండి, ముందు ఒత్తిడి కొలవండి. ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో వంచి, సగం నీళ్లు పోసి, ఒక కొస గాలిపెట్టెకి తగిలించండి. రెండు వైపుల నీటి మట్టాల తేడానే లెక్క. ఒక వైపే చూస్తే సగం వస్తుంది. ఈ సైజుకి 100-150 మి.మీ. చాలు. స్ప్రింగ్ ఎంత బలంగా నొక్కాలంటే, ఆ మట్టాల తేడాను సెం.మీ.లలో తీసుకుని రిజర్వాయర్ (తిత్తి నుంచి వచ్చే గాలి నిలవుండే పెట్టె) పై పలక వైశాల్యంతో, చదరపు సెం.మీ.లలో, గుణించండి, గ్రాములొస్తాయి. 20 × 30 సెం.మీ. పలకకి 10 సెం.మీ. కావాలంటే 6 కిలోలు, పలక బరువుతో కలిపి.

ఇక కీచు. బిరడా ఉన్న పైపు ఎగిరితే తారషడ్జానికి పోదు, ఆ పై పంచమానికి పోతుంది. మీకు వినబడేది అదే అయితే గాలి ఎక్కువైనట్టు, లేదా నోరు (పైపు ముందువైపు గాలి తగిలి స్వరం పుట్టే తెరపి) ఇరుకైనట్టు. ముందు పైపు కాలి (గాలి లోపలికొచ్చే అడుగు కొస) రంధ్రంలో సన్నని చెక్క చీలిక దూర్చి గాలి తగ్గించండి. అప్పటికీ లొంగకపోతేనే పై పెదవి చెక్కాలి: లోపలి వెడల్పు 20 మి.మీ. అయితే నోటి ఎత్తు 5 దగ్గర మొదలుపెట్టి, అర మి.మీ. చొప్పున 7 దాకా. ప్రతిసారీ ఊది వినండి, చెక్కింది మళ్లీ అతకదు.

చిల్లుకాగితం:
శ్రుతి దిగడానికి లీకు కారణమేమో చూడండి. ట్రాకర్ బార్ మొత్తం టేపుతో మూసి, రిజర్వాయర్ నింపి, తిప్పడం ఆపండి. పలక రెండు మూడు సెకన్లలో కూలబడితే లీకే. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించి, రెండో కొసతో అతుకులన్నీ తడమండి. బుస్సుమనే చోటు ఎక్కువగా తిత్తి మడతల మూలల్లోనే దొరుకుతుంది.

లీకు లేకపోతే రోల్‌ని అనుమానించాలి. తిత్తిని ఆడించేదీ కాగితాన్ని లాగేదీ ఒకే పిడి కదా. మెల్లని పాటకి పిడి మెల్లగా తిరుగుతుంది, గాలి తక్కువ వస్తుంది, పైపులేమో ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి. అందుకే నెమ్మది పాటలే ఈ ఆర్గాన్లని ఎక్కువ ఏడిపిస్తాయి! గాలి ఎక్కువ మింగేది మంద్రస్థాయి పైపులు, వాటి చిల్లుల పొడవు సగానికి కుదించండి. పొడవు స్వరానికి ఒకే చీలిక కోయకండి, కాగితం చిరుగుతుంది. మధ్యమధ్య 1 మి.మీ. వంతెనలు వదలండి. బార్ రంధ్రం 3 మి.మీ. ఉంటే స్వరం తెగదు.

గాలిపెట్టె:
పలక వెంటనే పడిపోయిందండి. తిత్తి మూల దగ్గరే బుస్సుమంటోంది.

మంద్రం:
అయితే లోపలి నుంచి మెత్తటి తోలు ముక్క అతికించండి. గట్టి టేపు వేస్తే మడతపడిన చోటే మళ్లీ చీలుతుంది. ఒత్తిడి కుదిరాకే శ్రుతి చేయండి, అదీ పైపులు పెట్టెలో బిగించి. బిరడా లోపలికి నెడితే స్వరం పెరుగుతుంది. గది ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే పైపులన్నీ కలిసి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి పోతాయి, దానికోసం బిరడాలు కదపకండి.