కెరెకెరె: పక్కింటివాళ్ళు అడిగిందల్లా ఇవ్వాలా? ఫిజీలో ఉన్నవాళ్ళు చెప్పండి

సువా కొత్తకాపురం:
మావారి ఉద్యోగం మీద సువా వచ్చాం. పక్కిల్లు ఇతౌకేయి కుటుంబం, అంటే ఇక్కడి మూలవాసులు. మంచివాళ్ళే. కానీ రెండ్రోజులకోసారి వాళ్ళ పిల్లాడు గుమ్మంలో నిలబడతాడు. ఒకసారి చక్కెర, ఒకసారి నూనె, మొన్న బస్సుకి డబ్బులు. గడ్డి కోసే మెషిన్ పట్టుకెళ్ళి ఇంకా తేలేదు. దీన్ని కెరెకెరె అంటారట, అడిగితే లేదనకూడదట. మావారు "అలవాటు చేయకు" అంటారు. ఆయన ఆఫీసులో ఇక్కడే పుట్టి పెరిగిన ఇండియన్ ఒకాయన ఇంకా గట్టిగా చెప్పారు, ఒక్కసారి ఇస్తే ఇక వదలరని. ఆ పిల్లాడి మొహం చూస్తే నాకు కాదనబుద్ధి కాదు. ఏం చేయాలి?

లౌతోకా కిరాణా:
మీవారిదే కరెక్టు. కెరెకెరె చుట్టాల మధ్య ఆచారం, అద్దెకొచ్చినవాళ్ళకి కాదు. ఊళ్ళో ఇతౌకేయి మనిషే కొట్టు పెడితే ఏమవుతుందో చూడండి. పెదనాన్న కొడుకు వచ్చి రెండు చేపల డబ్బాలు పట్టుకెళ్తాడు, మేనత్త వచ్చి పిండి అడుగుతుంది. కాదంటే ఊళ్ళో తలెత్తుకోలేడు, సరేనంటే కొట్టు మూతే. ఈ బాధ వాళ్ళే చెప్పుకుంటారు. వాళ్ళకే మోయలేనంత బరువైనదాన్ని మీరెందుకు నెత్తికెత్తుకోవడం? చక్కెర ఇవ్వండి, తప్పులేదు. డబ్బులు మాత్రం వద్దు.

రాకిరాకి నుంచి:
కిరాణా గారు పోయినవే రాశారు, వచ్చినవి రాయలేదు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను వచ్చినప్పుడు మేం ఇక్కడే ఉన్నాం. దేశంలో 44 మంది పోయారు. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. తెల్లారి పక్క ఊరి కుర్రాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చారు. గుమ్మానికి అడ్డంగా పడ్డ మామిడికొమ్మలు నరికి, చేలో పడ్డ రేకుల్లో పనికొచ్చేవి ఏరుకొచ్చి కప్పేశారు. డబ్బులిస్తే తీసుకోలేదు. కొన్నాళ్ళకి వాళ్ళలో ఒకడు వచ్చి, నాన్న చనిపోయాడు, బియ్యం బస్తా కావాలన్నాడు. అప్పుడు నేను చుట్టమా కాదా అని ఆలోచించాలా? కొత్తకాపురం గారూ, వాళ్ళింటి నుంచి మీకేమీ రాలేదా?

సువా కొత్తకాపురం:
వచ్చాయి. దాలో దుంపలు, రౌరౌ కట్టలు. దాలో అంటే చేమదుంప, రౌరౌ అంటే మన చేమాకే, పప్పులో వేస్తే బాగుంది. మొన్నటి వానకి మా ఇంటి ముందు కాలవ పూడిపోతే పక్కింటాయనే పార పట్టుకొచ్చి తీశాడు. అయినా మెషిన్ మెషినే కదండీ!

లౌతోకా కిరాణా:
తుఫాను వేరు, బస్సు చార్జీ వేరు.

బా అల్లుడు:
మీవారి ఆఫీసాయన మాట గురించి ఒక సంగతి. మా అత్తగారి వైపు పూర్వీకులు విశాఖపట్నం వైపు నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి, చెరకు తోటల్లో కూలికి వచ్చారు. మద్రాసు నుంచి కూలీలని తేవడం 1903లో మొదలైంది, చివరి ఓడ వచ్చింది 1916లో. ఇప్పుడు ఇంట్లో అందరిదీ ఫిజీ హిందీయే. ఇక్కడ భూమి దాదాపు 90 శాతం ఇతౌకేయి వంశాలది, అమ్మడానికి వీల్లేదు, లీజుకే ఇస్తారు. 1997 నుంచి పాత లీజులు ముగియడం మొదలయ్యాక ఎన్నో చెరకు కుటుంబాలు ఇల్లూ పొలమూ వదిలేసి సువా చుట్టుపక్కల గుడిసెల్లోకి చేరాయి. పైగా 1987లో, 2000లో ప్రభుత్వాన్ని కూల్చిన కుట్రలు. అలాంటివి చూసినవాళ్ళు "ఇస్తే వదలరు" అంటే దాని వెనక పెద్ద కథే ఉంటుంది. ఆ భయం వాళ్ళది. కాంట్రాక్టు మీద వచ్చి వెళ్ళిపోయే మనం దాన్ని అరువు తెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఇంకోటి. అడిగే హక్కు మీకూ ఉంది. మెషిన్ తెచ్చి మా పెరట్లో గడ్డి కూడా కోసిపెట్టమని అడగండి. పక్కింటాయన ఏమీ అనుకోడు, పైగా సంతోషిస్తాడు.

కొబ్బరిమట్ట:
అసలు మనవాళ్ళు ఇక్కడ అలవాటు పడటం అంటే ఏమిటి? హిందీతో నెట్టుకొస్తాం, నాంది పట్నం వెళ్ళి సుబ్రహ్మణ్యస్వామి గుడి చూసొస్తాం, శుక్రవారం ఆఫీసుకి పూల చొక్కా వేసుకుంటాం. ఇతౌకేయి ఊళ్ళోకి అడుగుపెట్టినవాళ్ళు ఎంతమంది? పక్కింటాయన తన ఊరికి పిలుస్తాడు, వెళ్ళండి. యంగోనా వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి ఊరి పెద్ద ముందు పెట్టాలి, దాన్ని సెవుసెవు అంటారు. టోపీ, చలవ కళ్ళద్దాలు తీసేయాలి, మోకాళ్ళు కప్పుకోవాలి, ఎవరి తలా ముట్టుకోకూడదు. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వంగి "తులౌ", అంటే క్షమించండి, అనాలి. ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలిపి కొబ్బరిచిప్పలో అందించినప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగేసి, మూడుసార్లు కొట్టాలి. చూడ్డానికి బురదనీళ్ళే. నాలుక తిమ్మిరెక్కుతుంది.

సువా కొత్తకాపురం:
మా ఇంట్లో మందు ముట్టరండీ.

కొబ్బరిమట్ట:
అది మందు కాదు, మన తమలపాకు, మిరియం ఏ జాతివో ఇదీ ఆ జాతి మొక్కే. ఒక చిప్ప తాగితే మర్యాద దక్కినట్టే. ఇక రాత్రి ఒంటిగంట దాకా తనోవా, అంటే యంగోనా కలిపే చెక్క గిన్నె, చుట్టూ కూర్చునే మగాళ్ళ సంగతి వేరు. ఇండియన్ ఇళ్ళల్లోనూ ఆ జాడ్యం ఉంది, ఆడవాళ్ళు తిట్టుకోవడం బోలెడుసార్లు విన్నాను. మీవారిని అక్కడ మాత్రం గట్టిగా పట్టుకోండి.

సువా కొత్తకాపురం:
ఆ వేళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

లౌతోకా కిరాణా:
సువా మార్కెట్ పై అంతస్తులో. పొడి కొనకండి, ఊళ్ళోకి వేళ్ళే తీసుకెళ్ళాలి. అరకిలో కట్ట సరిపోతుంది, కాగితంలో చుట్టి ఇస్తారు. డబ్బుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. రాకిరాకి ఆయన ఎన్ని చెప్పినా సరే.