జావా మాడ్యూళ్లలో ‘రిక్వైర్స్ స్టాటిక్’ సరైన మాటేనా?

సెమికోలన్:
2017లో జావా 9తో మాడ్యూళ్లు (తమకు ఏ ఇతర భాగాలు కావాలో ప్రకటించే కోడ్ భాగాలు) వచ్చినప్పటి నుంచీ ఈ మాట నన్ను వేధిస్తోంది. ‘రిక్వైర్స్’ అంటే ‘ఇది నాకు కావాలి’ అని ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కన ‘స్టాటిక్’ చేరగానే అర్థం మారిపోతుంది: కంపైల్ చేసేటప్పుడు తప్పనిసరి, నడిచేటప్పుడు లేకపోయినా ఫరవాలేదు. మా బృందంలో కొత్తగా చేరిన ఒకరు దీన్ని ‘ఎప్పుడూ ఉండి తీరాలి’ అని చదువుకున్నారు. ఆయనను నేను తప్పుపట్టలేను. ‘ఆప్షనల్’ అని పెట్టాల్సింది.

పాత కంపైలర్:
స్టాటిక్ అంటే కంపైల్ సమయంలోనే తేలేది అన్న అర్థం మన రంగంలో ఎప్పటి నుంచో ఉంది. పైగా కొత్త కీవర్డు (భాష తనకోసమే కేటాయించుకున్న మాట) తెస్తే పాత కోడ్ దెబ్బతింటుంది. జావా 5లో ‘ఈనమ్’ కీవర్డయ్యాక ఆ పేరుతో ఉన్న వేరియబుళ్లన్నీ మార్చుకోవలసి వచ్చింది. ఉన్న మాటతో సరిపెట్టుకోవడమే మేలు.

సెమికోలన్:
ఈనమ్ సంగతి నిజమేనండీ. కానీ రిక్వైర్స్, ఎక్స్‌పోర్ట్స్ లాంటివి మాడ్యూల్ ప్రకటనలో మాత్రమే కీవర్డులు. బయట వేరియబుల్‌కు ఆ పేరు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ‘నన్ను వాడేవారికీ ఇది అందాలి’ అని చెప్పే ‘ట్రాన్సిటివ్’ అలా వచ్చిందే. రూపకల్పన దశలో అది ‘రిక్వైర్స్ పబ్లిక్’గా ఉండేది, తర్వాత మార్చారు. ఆ మార్పు ఎంత మేలు చేసిందో జావా.ఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌లో చూడండి. అందులోని డ్రైవర్ ఇంటర్‌ఫేస్‌కు గెట్‌పేరెంట్‌లాగర్ అనే మెథడ్ ఉంది. అది తిరిగి ఇచ్చే లాగర్ జావా.లాగింగ్ అనే మరో మాడ్యూల్‌కు చెందినది. డ్రైవర్‌ను వాడేవారికి లాగర్ కూడా కనబడాలి కాబట్టి అక్కడ ‘రిక్వైర్స్ ట్రాన్సిటివ్ జావా.లాగింగ్’ అని రాశారు. ‘పబ్లిక్’ అని ఉంటే ఏది ఎవరికి బహిరంగమో వెతుక్కోవలసి వచ్చేది. ఆ మాట మీద చూపిన శ్రద్ధ దీని మీద ఎందుకు చూపలేదన్నదే నా బాధ.

అర్ధరాత్రి లాగ్:
‘ఆప్షనల్’ కూడా మోసమే చేస్తుంది. మా ప్రాజెక్టులో ఒక లైబ్రరీని స్టాటిక్‌గా ప్రకటించాం. దాని జార్ ఫైలును మాడ్యూల్ పాత్‌లోనే (జావా మాడ్యూళ్ల కోసం వెతికే చోటే) పెట్టాం. అయినా నడిపితే క్లాసు కనబడలేదన్న ఎర్రరే. సగం రోజు పోయాక అర్థమైంది: స్టాటిక్ అన్నంత మాత్రాన నడిచేటప్పుడు ఆ మాడ్యూల్ లోడ్ కాదు. మరో మాడ్యూల్ దాన్ని గట్టిగా కోరాలి, లేదా నడిపే ఆదేశంలో మనమే యాడ్-మాడ్యూల్స్ ఆప్షన్‌తో చేర్చాలి. అక్కడ ‘ఆప్షనల్’ అని ఉంటే, ‘ఉంటే వాడుకుంటుందిలే’ అన్న నమ్మకంతో ఇంకో సగం రోజు వెతికేవాడిని. నా ఓటు ప్రాజెక్టులను బిల్డ్ చేసే పనిముట్టు గ్రేడిల్‌లోని ‘కంపైల్‌ఓన్లీ’కి. ఎప్పటివరకు కావాలో ఆ మాటే చెబుతుంది. గ్రేడిల్ వాళ్లు ‘కంపైల్’ అనే అస్పష్టమైన మాటను 7.0లో పూర్తిగా తీసేసి, దాని బదులు ‘ఇంప్లిమెంటేషన్’, ‘ఏపీఐ’లను వాడమన్నారు. అలవాటైన మాట పోయిందని మొదట విసుక్కున్నాను, ఇప్పుడు దాని జోలికి కూడా పోను.

పాత కంపైలర్:
కీవర్డు ఖర్చు గురించి నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. స్టాటిక్ అర్థం మీద మాత్రం కాదు.

సెమికోలన్:
‘ఆప్షనల్’ను నేనూ వదిలేస్తున్నాను, ‘కంపైల్‌ఓన్లీ’ దానికంటే నిజాయతీగా ఉంది. ఈలోగా మా ఫైళ్లలో అలాంటి ప్రతి వరుస పైనా ‘కంపైల్‌కు మాత్రమే, నడిపేటప్పుడు విడిగా చేర్చాలి’ అని వ్యాఖ్య రాసి పెడుతున్నాం.