డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసులో) అడ్రస్ మారిస్తే మా పిన్ని వివరాలు ఎవరి చేతికి వెళ్తాయి?

అందరికీ నమస్కారం. మేముండేది న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు. మా పిన్ని వీసా గడువు దాటిపోయి చాలా ఏళ్లయింది. ఇమ్మిగ్రేషన్ కాగితాలు లేనివాళ్లకీ లైసెన్స్ ఇచ్చే 2019 నాటి గ్రీన్ లైట్ చట్టం పుణ్యమా అని ఆవిడకి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. ఫెడరల్ అవసరాలకు పనికిరాదని కార్డు మీదే అచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు ఇల్లు మారాం. 10 రోజుల్లో డీఎంవీకి కొత్త అడ్రస్ చెప్పాలి. పిన్ని ఫారం మొత్తం నింపింది కానీ సంతకం దగ్గర ఆగిపోయింది. మూడు రోజులుగా అది ఉప్పు డబ్బా కింద అలాగే ఉంది. "నా ఆచూకీ నేనే రాసివ్వాలా అమ్మా?" అంటోంది.

జడ్జి ఇచ్చిన ఆర్డరో వారంటో లేనిదే ఇమ్మిగ్రేషన్ వాళ్లకి వివరాలు ఇవ్వకూడదని, వాళ్లు అడిగితే మూడు రోజుల్లో మనకి తెలియజేయాలని ఆ గ్రీన్ లైట్ చట్టంలోనే ఉంది. చదివి వినిపించాను. కానీ 2025లో కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్లుండే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకి వెళ్లాయి కదా. వైద్యం కోసం నమ్మి ఇచ్చిన అడ్రస్‌లవి! అప్పటి నుంచి ధైర్యం చెప్పడానికి నాకే గొంతు రావడం లేదు.

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. పిన్ని రికార్డు ఎవరెవరు చూశారో డీఎంవీని అడగొచ్చా? అడిగితే కొత్త చిక్కేమైనా వస్తుందా? కారు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరున్న అడ్రస్‌కి కూడా ఈ రక్షణ ఉంటుందా? ఫీజు తక్కువ తీసుకునే, నమ్మకమైన లాయర్ ఈ చుట్టుపక్కల ఉన్నా చెప్పండి. గడువు ఈ శుక్రవారమే.