మందారకు పిండినల్లి: కడిగినా మళ్ళీ వస్తోంది, మందు కొట్టాలా?

ప్రశ్న:
మూడడుగుల మందార పొద. చిగుళ్ళలో, మొగ్గల తొడిమల దగ్గర దూదిలాంటి తెల్ల పురుగు. కింది ఆకులు జిగురుగా ఉండి మసి పట్టాయి. కాండం పొడవునా చీమల బారు. గొట్టంతో నీళ్ళు కొడితే పోయినట్టే పోయి వారంలో మళ్ళీ కనిపిస్తోంది. ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు కొట్టమంటున్నారు. ఇంట్లో పిల్లి ఉంది. వేపనూనెతో పనవుతుందా? కొలతలు ఎలా?

జవాబు 1:
పిండినల్లే అండి. మసికి వేరే మందు అక్కర్లేదు, పురుగు విసర్జించే తీపి బంక మీద పెరిగే బూజు అది. ముందు చీమల సంగతి చూడండి. ఆ బంక కోసం అవి పిండినల్లిని తినే పురుగులను తరిమేస్తాయి. కొమ్మలు గోడకు, పక్క మొక్కలకు తగలకుండా కత్తిరించి, మొదలు చుట్టూ జిగురు పట్టీ కట్టండి. బాగా ముసిరిన చిగుళ్ళు తుంచి, కవర్లో మూట కట్టి చెత్తలో వేయండి. కంపోస్టులో వద్దు.

లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. లిక్విడ్ సబ్బు. నూనెను నేరుగా పోస్తే పైకి తేలుతుంది. స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి మొదట ఉత్త నీళ్ళు, చివర చిక్కటి నూనె పడి ఆకులు మాడతాయి. సబ్బును గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, నూనె పోసి, పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు మిగతా నీళ్ళు కలపండి. కలిపింది ఆ పూటే వాడేయాలి. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు చూడండి.

ఎండ తగ్గాక, ఆకుల అడుగున, కణుపు సందుల్లో తడిసేలా కొట్టాలి. దూది సంచుల్లోని గుడ్లకు మందు అందదు. మీకు వారానికల్లా మళ్ళీ కనిపించేది వాటిలోంచి వచ్చిన పిల్లలే కావచ్చు. అందుకే 7 రోజుల తేడాతో మూడుసార్లు కొట్టాలి.

జవాబు 2:
పిండినల్లి లాగే తెల్ల పోగులతో, దానికంటే పెద్దగా, చురుగ్గా పాకే పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లే దాని తిండి. అవి ఉంటే స్ప్రే ఆపేయడమే మేలు.

ఇమిడాక్లోప్రిడ్ ఇప్పుడే వద్దు. మొక్క రసంలోకి ఎక్కి పుప్పొడి, మకరందం దాకా చేరుతుంది, తేనెటీగలకు విషం. పైగా దాన్ని వాడాక ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే మరో చిన్న పురుగు) పెరగడం మామూలే.

ప్రశ్న అడిగినవారు:
సబ్బు కలిపితే తెల్ల మడ్డి తేలుతోంది. ఏం చేయాలి?

జవాబు 1:
కఠిన జలం. సబ్బు అక్కడే విరిగిపోతుంది, ఇక పనిచేయదు. వాన నీళ్ళో, ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళో వాడండి.

జవాబు 3:
రసాయన మందు తప్పనిసరైతే, డబ్బా మీద ఆ మొక్క, ఆ పురుగు పేర్లు ఉన్నాయో లేదో చూడండి. మోతాదు అక్కడ రాసినంతే. పిల్లి ఉందన్నారు కాబట్టి పెర్మెత్రిన్ ఉన్నవాటి జోలికి పోవద్దు, పిల్లి శరీరం దాన్ని విరిచేయలేదు. ఏ మందైనా ఆకులు పూర్తిగా ఆరేదాకా పిల్లిని అటు పోనివ్వకండి.

నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. గుడ్డ గ్లవ్స్ మందు పీల్చుకుని చర్మానికే అంటిస్తాయి, లేనిదే నయం. గాలి వీస్తుంటే ఆ రోజు మానేయండి. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్ వాడితే మందారే మాడుతుంది. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోయడం అన్నిటికంటే ప్రమాదం. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయర్‌లోనే పోసి మొక్కకే కొట్టండి, కాలువలో వద్దు. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్ళ ధార కింద కడగాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, డబ్బా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.