రిసీట్‌లో ‘పి’ ఎవరు పెట్టారు?

పోయిన నెలలో నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. వరంగల్‌లో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. బిల్లు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు వేస్తాం. కంపోజింగ్ నేనే చేస్తాను. ఒక బడి వాళ్లకు ఫీజు రసీదు పుస్తకాలు 20 వేశాం. పుస్తకానికి 100 రసీదులు, ఒరిజినల్ తెలుపు, డూప్లికేట్ గులాబి. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో ‘ఫీ రిసీట్’ అని పడాలి. నేను ఆర్, ఇ, సి, ఇ, ఐ, టి అని కొట్టాను. పి లేదు. ప్రూఫ్ ఇద్దరం చూశాం, ఇద్దరికీ కనపడలేదు. నంబర్లు పడ్డాయి, బైండింగ్ అయింది, పుస్తకాలు వెళ్లిపోయాయి. సాయంత్రం ఫోన్ వచ్చింది. “అన్నా, పైన స్పెల్లింగే తప్పుంది. పేరెంట్స్ చూస్తే బడి పరువు పోతది.” మళ్లీ వేసి ఇచ్చాను. కాగితం, మజూరీ నా మీదే పడ్డాయి.

తప్పు నాదే, దాని మీద వాదన లేదు. కానీ నోటితో ఎవరూ పలకని ఒక అక్షరం కాగితం మీద లేకపోతే ఒక బడి పరువు ఎందుకు పోవాలి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రోజూ రాత్రి షాపు కట్టేశాక కూర్చుని చదివాను. తెలిసింది మన గ్రూపులో ఇక్కడ పెడుతున్నాను.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘రెకెప్టా’, అంటే పుచ్చుకున్నది. అక్కడ పి ఉంది, నోటితో పలికేవారు కూడా. ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఆ పి అరిగిపోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఫ్రెంచి మాటలు వేలకొద్దీ ఇంగ్లీషులో చేరాయి. ఇదీ అలా వచ్చిందే. ఇంగ్లీషువాళ్లు దీన్ని పి లేకుండానే విన్నారు, పి లేకుండానే రాశారు. తర్వాత లాటిన్ బాగా చదువుకున్నవాళ్లు మూలంలో ఉన్న పి రాతలో ఎందుకు ఉండకూడదని తెచ్చి పెట్టారు. రాత మారింది కానీ నోరు మారలేదు. అంటే నేను వదిలేసిన పి ఇంగ్లీషు నోట్లో ఎన్నడూ ఉన్నది కాదు.

అప్పు అనే అర్థంలో వాడే ‘డెట్’లో బి, అనుమానం అనే ‘డౌట్’లో బి కూడా ఇదే దారిలో వచ్చాయి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు వాటిలో బి లేదు. లాటిన్ మాటలు ‘డెబిటుమ్’, ‘డుబిటారె’ గుర్తుచేసుకుని పండితులు బి చేర్చారు.

నాకు ఎక్కువ బాధ అనిపించింది ఇంకోటి. మోసం అనే ‘డిసీట్’, గర్వం అనే ‘కన్‌సీట్’ రెండూ రిసీట్‌కు తోబుట్టువులే, లాటిన్‌లో ఒకే ధాతువు నుంచి పుట్టాయి. 16వ శతాబ్దంలో వాటికి కూడా పి పెట్టి రాసినవాళ్లు ఉన్నారు. అది నిలవలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు అచ్చయ్యేనాటికి రిసీట్‌కు పి ఉంది, డిసీట్‌కు లేదు. ఈరోజుకీ అంతే. మన పిల్లవాడు రిసీట్‌లో పి మరిచిపోతే తప్పు, డిసీట్‌లో పి పెడితే తప్పు!

ఇది చదువుతుంటే నాకు మన శుభలేఖలు కళ్ల ముందు మెదిలాయి. ‘బంధుమిత్రుల’ అని ఉండాల్సిన చోట ‘భందుమిత్రుల’ అని రాసి తెచ్చేవాళ్లు ఎంతమందో. ‘బోధన’ను ‘భోదన’ అంటారు. ‘బాధ’ను ‘భాద’ అంటారు. సంస్కృతం మాట కాబట్టి ఎక్కడో ఒత్తు ఉండాలని తెలుసు, ఎక్కడుండాలో తెలియదు, మొదట్లోనే పెడితే నిండుగా ఉంటుందని పెట్టేస్తారు. నేను దిద్దుతాను. కొందరు ఒప్పుకోరు, ఒత్తు తీసేస్తే మాట చిన్నబోయిందంటారు. పెద్ద భాష గౌరవం మన మాటకు అంటాలన్న కోరిక అది. ఇంగ్లీషులో ఆ కోరిక తీర్చుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లు, రాసే పని వాళ్ల చేతిలో ఉంది, కాబట్టి అది నిలబడిపోయింది.

ఇక మన ‘రసీదు’. రిసీట్‌నే మనవాళ్లు అలా తిప్పుకున్నారని నేను చిన్నప్పటి నుంచి అనుకునేవాణ్ణి. కాదు. రసీదు పారసీ మాట. ‘రసీదన్’ అంటే చేరడం. ‘రసీద్’ అంటే చేరింది, ముట్టింది. ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి, అంగళ్లలోకి వచ్చింది. ఒకటి లాటిన్ నుంచి, ఒకటి పారసీ నుంచి వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే కాగితం మీద కలిశాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు చేతికి వచ్చే కాగితానికి మళ్లీ వేరే పేరు, తక్‌పట్టీ. రసీదులో, తక్‌పట్టీలో పలకని అక్షరం ఒక్కటి లేదు.

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ:
నేను ఐదో తరగతికి ఇంగ్లీషు చెప్తాను. కె సైలెంట్, బి సైలెంట్, పి సైలెంట్ అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం. తప్పు రాస్తే ఇంపోజిషన్. అన్నీ మీరు చెప్పినట్టు తర్వాత తెచ్చి పెట్టినవేనా? నైఫ్‌లో కె కూడానా? ఓ, యు, జి, హెచ్ నాలుగూ కలిసి దో, త్రూ, కాఫ్, రఫ్, బౌ అని ఐదు రకాలుగా ఎందుకు పలుకుతాయో నేను ఏ ఏడాదీ చెప్పలేకపోయాను.

నా జవాబు:
మేడం, మీ ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. సైలెంట్ అక్షరాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. నైఫ్‌లో కె, మోకాలు అనే ‘నీ’లో కె ఒకప్పుడు నిజంగా పలికినవి. పాత ఇంగ్లీషులో ‘క్నీఫ్’ అనేవారు. జర్మన్లు ఇప్పటికీ మోకాలిని ‘క్నీ’ అనే అంటారు. పిల్లలు స్పెల్లింగ్ గుర్తుకోసం ‘క్నైఫ్’ అని బట్టీ పడితే మనం నవ్వుతాం. కె పలకడం వరకు ఆ పిల్లలు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుకు దగ్గరగా ఉన్నారు.

జి, హెచ్ జంట కూడా అంతే. ఉర్దూ మాట్లాడే మన పక్కింటివాళ్లు ‘ఖుదా’ అన్నప్పుడు గొంతు లోపల రాసుకుంటూ వచ్చే ఖ ఉంటుంది చూడండి, దాదాపు ఆ ధ్వని. రాత్రి అనే ‘నైట్’ను ‘నిఖ్త్’ అన్నట్టు పలికేవారు. జర్మన్‌లో రాత్రి ఇప్పటికీ ‘నఖ్త్’. ఇంగ్లీషులో ఆ ధ్వని పోయింది. పోయేటప్పుడు అన్నిచోట్లా ఒకేలా పోలేదు. దో, త్రూ, బౌలలో పూర్తిగా రాలిపోయింది. కాఫ్, రఫ్‌లలో ఎఫ్‌గా మారింది. ముందున్న అచ్చు ఒక్కో మాటలో ఒక్కో దారి పట్టింది. అందుకే ఐదు రకాలు.

కాబట్టి నైఫ్‌లో కె చచ్చిపోయిన ధ్వనికి గుర్తు, రిసీట్‌లో పి అసలు పుట్టని ధ్వనికి గుర్తు. ఇంకో రకమూ ఉంది, అది వట్టి పొరపాటు. దీవి అనే ‘ఐలండ్’ అచ్చమైన ఇంగ్లీషు మాట, దానిలో ఎస్ లేదు. లాటిన్ ‘ఇన్సులా’ నుంచి వచ్చిన, అదే అర్థంలో ఎస్‌తో రాసే ‘ఐల్’కు ఇది చుట్టమనుకుని ఎస్ తగిలించారు. రెంటికీ చుట్టరికం లేదు. ఆ తప్పు ఇప్పుడు ఒప్పయి కూర్చుంది.

హుజూరాబాద్ నుంచి ఒక సభ్యుడు:
ఇదంతా చదివితే మన తెలుగు ఎంత నయమో తెలుస్తుంది. పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. మనకు ఈ బాధ లేదు.

నా జవాబు:
చాలావరకు నిజమే అన్నా. పూర్తిగా కాదు. ‘చాట’, ‘చీర’ రెండూ పైకి అని చూడండి. రెండు చలూ ఒకటేనా? జొన్నలో జ, జీలకర్రలో జ ఒకటేనా? రాతలో తేడా లేదు, నోటికి తెలుసు. బ్రహ్మ అని రాస్తాం, మామూలుగా మాట్లాడేటప్పుడు మ ముందుకు వస్తుంది. జ్ఞానంలో జ వినపడదు. అంకె, కంచె, పంట, కంప నాలుగింటికీ ఒకే సున్న పెడతాం, నోట్లో నాలుగు వేరు ధ్వనులు.

మనకూ సైలెంట్ అక్షరాలు ఉండేవి. పాత పుస్తకాల్లో ‘మూఁడు’, ‘వాఁడు’ అని అరసున్నతో ఉంటుంది. ఆ అరసున్న సరిగ్గా నైఫ్‌లో కె లాంటిది, పోయిన ముక్కుధ్వనికి గుర్తు. తమిళంలో మూడును ఇప్పటికీ ‘మూన్ఱు’ అంటారు. బండి ఱ కూడా ఉండేది. ‘చెఱువు’ అని రాసేవారు, ఇప్పుడు ‘చెరువు’ అంటే చాలు. మా ప్రెస్‌లో అరసున్న కొట్టే అవసరం రావడమే లేదు. మనవాళ్లు ఆ బరువు దించుకున్నారు, దాంతో భాష పాడైపోలేదు. నాకు దాని మీద గర్వంగా ఉంటుంది.

కాజీపేట నుంచి ఒక సభ్యుడు, రైల్వే:
స్టేషన్ బోర్డుల సంగతి కూడా చెప్పండి సార్. తెలుగులో ‘జనగామ’ అని ఉంటుంది, కింద ఇంగ్లీషు చదివిన బయటివాళ్లు ‘జంగావ్ ఎప్పుడొస్తుంది’ అని అడుగుతారు. నా సర్వీసంతా ఇదే.

నా జవాబు:
ఇది నేను మరిచిపోయాను, మంచి మాట ఎత్తారు. జగిత్యాలను ఇంగ్లీషులో జె, ఎ, జి, టి, ఐ, ఎ, ఎల్ అని రాస్తాం. అందులో మధ్య ‘గి’కి అచ్చు లేదు, చివర ‘ల’కు అచ్చు లేదు. పరకాల ‘పర్కాల్’ అయింది. సిరిసిల్ల ‘సిర్సిల్ల’ అయింది. అన్నిటిలో పోయింది పొట్టి అచ్చులే. నిజాం కాలంలో దఫ్తరు భాష ఉర్దూ. ఉర్దూ లిపిలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు, చదివేవాడికి తెలుసులే అని వదిలేస్తారు. ఆ రాతను చూసి ఇంగ్లీషు అక్షరాలు పేర్చినందువల్ల ఇలా అయిందని నా ఆలోచన. హనుమకొండలో ‘ను’కు ఉన్న యు కూడా అలాగే పోయి చాలా కాలం ‘హనంకొండ’ అని ఉండేది. 2021లో జిల్లాకు హనుమకొండ అని పేరు మార్చినప్పుడు ఆ యు తిరిగి వచ్చింది. విజిటింగ్ కార్డులు మార్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఆ ఒక్క అక్షరం నేను ఎంత ఇష్టంగా కొట్టానో చెప్పలేను.

కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి:
అన్నా, ఇన్ని తప్పులు ఉన్నయని వాళ్లకూ తెలుసు కదా. మరి మార్చుకోరెందుకు?

నా జవాబు:
మార్చాలని చూశారు తమ్ముడూ. మొదట గట్టిపడింది ఎలాగో చెప్తాను, అది మా వృత్తి కథే. 1476లో విలియం కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్ పెట్టాడు, ఇంగ్లండులో అదే మొదటిది. అంతకుముందు ఎవరి రాత వారిది. అచ్చు వచ్చాక రాత మెల్లగా ఒక దారికి వచ్చి గట్టిపడసాగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లీషు పొడుగు అచ్చులు మారిపోతున్నాయి. ‘నేమ్’ను అంతకుముందు ‘నామ’ అన్నట్టు, ‘టైమ్’ను ‘టీమ’ అన్నట్టు పలికేవారు. (నామ అంటే మన నామం గుర్తొస్తుంది. సంస్కృతం, ఇంగ్లీషు దూరపు చుట్టాలే.) నోరు ముందుకు నడిచింది, అచ్చు అక్కడే ఆగింది. ఈరోజు మనం రాసేది చాలావరకు ఆ పాత నోటి రాత.

అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువులో ‘కలర్’ నుంచి యు తీసేశాడు, అది నిలిచింది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సులువైన స్పెల్లింగ్ వాడమని ప్రభుత్వ ముద్రణాలయానికి ఆదేశం ఇచ్చాడు. పత్రికలు ఆడిపోసుకున్నాయి, చట్టసభ ఒప్పుకోలేదు, ఆయన వెనక్కి తగ్గాడు.

ఇంకో చిక్కు ఉంది. పలికినట్టే రాయాలంటే ఎవరు పలికినట్టు? మీ కరీంనగర్‌లో ‘అచ్చిండు’ అంటారు, మా దగ్గర ‘వచ్చిండు’, పుస్తకంలో ‘వచ్చాడు’. స్కాట్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా మనుషులకు నోటి మాట అంతకంటే దూరం. వాళ్లందరినీ కలిపి ఉంచేది ఆ పాత రాతే. ఈ వాదన నాకు పూర్తిగా నచ్చదు. మడికొండలో పెరిగిన మన కాళోజీ జనం నోటి మాటే రాతలోకి రావాలని జీవితమంతా అడిగారు, నా మనసు అటే ఉంటుంది. కానీ ఇంగ్లీషు విషయంలో ఈ వాదనలో బలం లేదని కూడా అనలేను.

టీచరమ్మ మళ్లీ:
ఈరోజు క్లాసులో నైఫ్, రిసీట్, ఐలండ్ మూడూ బోర్డు మీద రాసి ఈ కథ చెప్పాను. ఒక పాప లేచి, కల్నల్‌లో ఆర్ లేదు కదా, టీవీలో ఇంగ్లీషువాళ్లు కర్నల్ అని ఎందుకంటారని అడిగింది. దానికి జవాబు కావాలి. ఇంకో మాట. తప్పు పడ్డ ఆ రసీదు పుస్తకాలు పారేశారా? ఉంటే నాకు ఒకటి కావాలి.

నా జవాబు:
పాపకు చెప్పండి మేడం, ఇటలీలో అది ‘కొలొన్నెల్లొ’, ఫ్రెంచివాళ్లు ‘కొరొనెల్’ అన్నారు. ఇంగ్లీషువాళ్లు రాత ఇటలీది తీసుకున్నారు, పలుకు ఫ్రెంచిది ఉంచుకున్నారు. మన పేపర్లు రాతను చూసి కల్నల్ అని వేస్తాయి. పుస్తకాలు 20 అలాగే ఉన్నాయి, గులాబి కాగితం వెనక వైపు లెక్కలు వేసుకుంటున్నాను. షాపు రాత్రి తొమ్మిది దాకా తీసే ఉంటుంది. ఒకటి కాదు, పిల్లలు ఎంతమంది ఉంటే అన్ని రసీదులు చింపి ఇస్తాను.