నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట. నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకి వేసుకునే తొడుగు) పెట్టుకుంటే ఆగుతుందా?

ప్రశ్న:
మొన్న అర్ధరాత్రి మా ఆవిడ తట్టి లేపింది. ఎలుక దూరిందనుకుని లైటు వేసి, మంచం కింద కూడా వెతికిందట. తీరా చూస్తే ఆ కరకర నా నోట్లోంచి! పొద్దున్నే కణతలు పట్టేసి ఉండేవి. దిండు పడటం లేదేమోనని రెండు దిండ్లు మార్చాను కూడా. ఆవులిస్తే చెవి ముందర టక్కుమంటుంది. మా అమ్మ ఫోన్‌లో "కడుపులో పురుగులుంటాయిరా, మందు వేసుకో" అంటోంది. నాకు 42 ఏళ్ళు! డెంటిస్ట్ మాత్రం కోరపళ్ళ మొనలు అరిగాయని అద్దంలో చూపించి, నైట్ గార్డ్ చేయించుకోమన్నారు. దాంతో కొరకడం ఆగుతుందా?

జవాబు 1:
ఆగదండీ. నేను నాలుగేళ్ళుగా పెట్టుకుంటున్నాను, కొరుకుతూనే ఉన్నాను. గార్డ్ నిండా గుంటలే. అది లేకపోతే ఆ అరుగుదల పళ్ళకే కదా, అరిగిన ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మళ్ళీ పెరగదు. కొలత తీసి చేసిన గట్టి రకమే తీసుకోండి. మెత్తటిది నాకు నమలడానికి ఇంకా వీలుగా దొరికినట్టయింది. పురుగుల సంగతంటారా, మా ఇంట్లోనూ అదే మాట. కానీ పెద్దవాళ్ళలో ఎక్కువగా టెన్షన్, నిద్ర సరిగ్గా లేకపోవడం, కాఫీ, సిగరెట్, మద్యం లాంటివే దీన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా రావచ్చు. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపకండి, రాసిన డాక్టర్‌నే అడగండి.

జవాబు 2:
పగలు కూడా గమనించుకోండి. నేను బట్టలు కుడతాను. కాజాలు కుట్టేటప్పుడు దవడ రాయిలా బిగుసుకుపోయేది, సాయంత్రానికి ముద్ద నమలలేకపోయేదాన్ని. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తగలకూడదని మా డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. పెదాలు మూసుకున్నా పళ్ళ మధ్య సందు ఉండాలట. మిషన్ చక్రానికి ఎర్ర దారం కట్టుకున్నాను. దాని మీద చూపు పడినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. మొదటి వారం ఎన్నిసార్లు దొరికిపోయానో!

జవాబు 3:
గురక ఉందా? పగలు కునికిపాట్లు? ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకోండి. కొందరిలో ఊపిరి ఆగడం, పళ్ళు కొరకడం కలిసే ఉంటాయి.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. గార్డ్‌కి కొలత ఇచ్చి వచ్చాను. గురక ఉందేమో ఈ రాత్రి కాస్త వినమని మా ఆవిడకి చెబితే, "ఎలుక ఇప్పుడొచ్చింది గానీ ఎలుగుబంటి పెళ్ళైనప్పటి నుంచీ ఉంది" అంది. ఆ పరీక్షకి కూడా పేరు రాయించాను.